మెయిన్ దించిన సాయంత్రాలు

మూర్ఖత్వం అందరికీ ఉంటుంది కానీ, నాది సమయపాలన పాటించే మూర్ఖత్వం. రోజూ సాయంత్రం ల్యాబులో అందరూ వెళ్ళిపోయాక, కంప్యూటర్ల గది మెయిన్ స్విచ్ కిందికి దించి, తాళం వేసి, వేసిన తాళాన్ని ఒకసారి లాగి చూసి, అప్పుడు ఇంటికి బయలుదేరేవాణ్ణి. చాలాకాలం దాన్ని దేశసేవ అనుకున్నాను. ఆ దించిన చేత్తోనే నా దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి పనికి అడ్డం పడుతున్నాననీ, పైగా ఆ అడ్డం పడుతున్నవాడెవడో పట్టుకుంటానని క్యాంపస్ అంతా తిరుగుతున్నాననీ తెలిసేసరికి ఎండాకాలం సగం గడిచిపోయింది. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికిందట వెనకటికి ఒకావిడ. ఆమెకు కనీసం చంక బరువైనా తెలిసి ఉంటుంది. నాకదీ తెలియలేదు.

నేను విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాస్త్రం చెప్పే పంతుల్ని. మా విభాగం రెండు తురాయి చెట్ల నడుమ ఒక పాత భవనంలో ఉంటుంది. ల్యాబును ఆనుకునే కంప్యూటర్ల గది. ఫ్రిజ్జులూ, బాక్టీరియా పెంచే పెట్టెలూ ఉన్న గదికి కరెంటు లైను వేరు; దాని జోలికి ఎప్పుడూ పోలేదు, ఆ మాత్రం తెలివి ఉంది. కంప్యూటర్ల గదికి మాత్రం లోపల, తలుపు పక్కనే సొంత మెయిన్ ఉంది, పొద్దున అటెండరు ఎత్తేది, సాయంత్రం నేను దించేది. నల్లటి పిడితో, చూడటానికి రైలింజన్లో లివర్‌లా ఉంటుంది. బహుశా ఆ పోలికే నా కొంప ముంచింది. మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో లేతు మిషను మీద పనిచేశాడు. మేం పెరిగింది అక్కడి క్వార్టర్స్‌లో. మనిషి లేని గదిలో బల్బు వెలిగితే ఆయనకు అన్నం సహించేది కాదు. "ఎవల్లేని అర్రల దీపమెందుకురా? దయ్యాలు సదువుకుంటున్నయా?" అనేవాడు.

ఆ దయ్యాలు నిజంగానే చదువుకుంటాయన్న సంగతి తెలియకుండానే ఆయన పోయాడు. నాకు తెలియడానికి తల నెరిసింది.

కంప్యూటర్ల గ్రిడ్డు అనేది మా క్యాంపస్‌కు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. అంటే, మొదలూ చివరా బాగా గుర్తు. జీవశాస్త్రాల విభాగాల వాళ్ళందరినీ, చుట్టుపక్కల ఆసుపత్రుల నుంచి కొందరు డాక్టర్లనూ ఒక హాల్లో కూర్చోబెట్టి సభ పెట్టారు. సభ మధ్యాహ్న భోజనం తర్వాత. భోజనంలో బగారా అన్నం. ఈ రెండు వాస్తవాలనూ పక్కపక్కన పెట్టి చూసే దయగల పాఠకుడికి నా నేరం సగమే కనిపిస్తుంది.

మాట్లాడింది కంప్యూటర్ సెంటర్లో ఈ గ్రిడ్డు బాధ్యత చూసే పెద్దమనిషి. మల్కాజ్‌గిరి నుంచి రోజూ స్కూటరు మీద వచ్చే మనిషి. తొందర అనేది ఆయన ఒంట్లో ఏ అవయవానికీ తెలియదు. జేబులో ఎప్పుడూ సోంపు డబ్బా ఉంటుంది. ప్రశ్న అడిగితే ముందు డబ్బా తీస్తాడు, తర్వాత జవాబు తీస్తాడు.

"మన దగ్గర కంప్యూటర్లు మస్తున్నయి సార్. గానీ ఒక్కొక్కటి ఒక్కొక్క మూలకు ఒంటిగున్నది," అని మొదలుపెట్టాడు. "వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడంటరు గదా, అట్లనే..."

అక్కడిదాకా విన్నాను. కిటికీ అవతల తురాయి కొమ్మలు, పైన నెమ్మదిగా తిరిగే ఫ్యాను. చన్నీళ్ళు అన్న మాట చెవిలో పడగానే ఒళ్ళంతా చల్లబడింది. కళ్ళు తెరిచేసరికి ఆయన "గంతే సార్, సింపుల్" అంటున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను అందరికంటే గట్టిగా కొట్టాను. నిద్రపోయి లేచినవాడి చప్పట్లకు ఉండే నిజాయితీ వేరు.

ఆ తర్వాత అందరి మాటల్లో దొరికిన ముక్కలు ఏరుకుని నేను కట్టుకున్న అవగాహన ఇది: ఒక్క కంప్యూటరు ఏళ్ళ తరబడి చేయాల్సిన లెక్కను చిన్నచిన్న ముక్కలు చేసి గ్రిడ్డుకు ఇస్తారు. గ్రిడ్డు ఆ ముక్కలన్నీ ఒకేసారి చేసిపెట్టి జవాబు పంపిస్తుంది. అంతా సరైనదే. ఆ గ్రిడ్డు ఎక్కడుందన్న ఒక్క ముక్కే నా దగ్గర లేదు. లేనిచోట ఊహ చేరింది. తార్నాక దాటాక ఎక్కడో ఒక తెల్లటి మేడ, లోపల చలి, వరుసలు వరుసలుగా నల్ల బీరువాలు, వాటి మధ్య చెప్పులు విడిచి నడిచే మనుషులు. సాయంత్రం మెయిన్ దించేసి, క్యాంపస్ చెట్ల కింద నడుచుకుంటూ వస్తుంటే, కోయిల కూతకీ బస్సు హారనుకీ మధ్య సన్నగా ఒక హోరు వినిపించేది నాకు. అదే గ్రిడ్డు అనుకునేవాణ్ణి. మెట్రో స్తంభాల మీద ఎండ ఎర్రబడి జారుతుంటే, ఎవరికో పనికొచ్చే లెక్కలు ఆకాశంలో కొంగల బారులా ఆ మేడవైపు పోతున్నట్టు ఉండేది. చాలా అందమైన గ్రిడ్డు నాది. ఉండి ఉంటే బాగుండేది.

ఇక నా దగ్గర పరిశోధన చేసే మా అమ్మాయి సంగతి. జనగామ దిక్కు పల్లె, వ్యవసాయం ఇల్లు. హాస్టల్లో ఉండి చదివింది. ఆమె పరిశోధన క్షయ మీద. క్షయ క్రిమి బతకడానికి తప్పనిసరైన ఒక ప్రోటీను ఉంది. దాన్ని తాళం అనుకుంటే, ఆ తాళంలో దూరి ఇరుక్కుపోయే తాళంచెవి లాంటి రసాయనం దొరికితే మందుకు దారి దొరికినట్టు. తాళం ఒకటే. ప్రయత్నించాల్సిన చెవులు లక్షలు. ఒక్కొక్క చెవినీ అటూ ఇటూ తిప్పి చూడటం కంప్యూటరు పని. మా గదిలో ఉన్న మెషిన్ల మీదే చేస్తే ఈమె మనవరాలు థీసిస్ సమర్పించాలి. అందుకే గ్రిడ్డు.

ఆమెకు అంత కాలం లేదు. ఒక ఆసుపత్రి పరిశోధనశాలలో ఆమెకు ఉద్యోగం ఖాయమైంది. వానలు పడేలోపు థీసిస్ సమర్పించినట్టు చూపిస్తే చేర్చుకుంటారు, లేకపోతే తర్వాతి మనిషిని పిలుస్తారు. థీసిస్ అంతా సిద్ధంగా ఉంది, ఆ చెవుల అధ్యాయం ఒక్కటి తప్ప. పని ఫాల్గుణంలోనే గ్రిడ్డుకు ఇచ్చింది. రోజూ పొద్దున స్క్రీను మీద చూసేది. నేను రోజూ అడిగేవాణ్ణి.

"ఏమైంది బిడ్డా?"

"ఏమైతది సార్, గాడనే ఉన్నది."

"నిన్నటికి ఇయ్యాలటికి ఏం కదల్లేదా?"

"కదిలింది సార్. ఎనకకు."

నిజంగానే వెనక్కు పోతోంది. మా తర్వాత ఇచ్చినవాళ్ళ పనులు ముందుకు పోయి అయిపోతున్నాయి. బోటనీ వాళ్ళది అయిపోయింది. షుగరు రోగుల కళ్ళ ఫోటోలు చూసే డాక్టర్లది అయిపోయింది. మాది కదలదు. తెలుగువాళ్ళకు వరుస అంటే చుట్టరికం. అందులోనూ మనకు వరుసయ్యేవాళ్ళెవరూ లేరు కాబట్టే వరుసలో వెనకబడ్డామని నాకు గట్టిగా తోచింది. నాలోని రైల్వే యూనియన్ రక్తం ఉడికింది.

"నేన్ పోయి మాట్లాడ్త," అన్నాను.

"ఒద్దు సార్," అంది ఆమె వెంటనే. ఆమెకు నేను తెలుసు.

పోయాను. గ్రిడ్డు పెద్దమనిషి లేచి నిలబడి నమస్కారం పెట్టి, కుర్చీ వేసి, టీ తెప్పించాడు. యుద్ధానికి పోయినవాడికి టీ ఇస్తే కత్తి ఎక్కడ పెట్టాలో తోచదు. కప్పు పక్కన పెట్టాను.

"మా అమ్మాయి పని ఎప్పటినుంచో ఆగింది," అన్నాను.

ఆయన సోంపు డబ్బా తీశాడు. "వస్తది సార్, కూసోండి. లైన్ల ఉన్నది."

"లైన్ల ఉన్నదని నాకూ తెలుసు. ఎందుకు ముందుకు పోతలేదో చెప్పండి."

"మీ దిక్కెల్లి ఏం వస్తలేదు గద సార్," అన్నాడు మెల్లగా, చెప్పడానికి సిగ్గుపడుతున్నట్టు.

ఆ మాట నా చెవికి వేరేగా తగిలింది. ఛీ, ఈ వయసులో ఈ మనిషి ఇలాగా అనుకుంటూ ఇంటికొచ్చాను. రాత్రి అన్నం తింటూ మా ఆవిడకు చెప్తే, "పాపం, చాయ్ తాపిచ్చిండంటున్నవు. ఉత్త చేతులతోటి పోయినవ్ గావొచ్చు," అంది. న్యాయమే అనిపించింది. మర్నాడు తార్నాకలో ఇరానీ బేకరీ నుంచి ఉప్పూ తీపీ కలిసిన బిస్కెట్ల డబ్బా ఒకటి పట్టుకుని పోయి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన ఆశ్చర్యపోయాడు. ఒకటి తిన్నాడు. కళ్ళు మూసుకుని నమిలాడు.

"మస్తున్నయి సార్. పెద్ద మనసు మీది," అన్నాడు. తర్వాత స్క్రీను వైపు చూసి, "గానీ ఇంక గూడ ఏం వస్తలేదు సార్."

ఎంత ఆశ ఈ మనిషికి అనుకున్నాను.

ఆ తర్వాత కొన్ని రోజులు నేను స్టాఫ్ క్లబ్బులో, క్యాంటీనులో, చెట్ల కింద, మెట్ల మీద, వినే చెవి కనిపించిన ప్రతిచోటా గ్రిడ్డులో జరుగుతున్న అన్యాయం గురించి మాట్లాడాను. గ్రిడ్డు అని పేరే గానీ గడ్డుకాలం తెచ్చిపెట్టింది అన్నాను. ఈ చమత్కారం నాకు చాలా నచ్చి రోజుకు రెండు చోట్ల వాడాను. సాయంత్రం గొంతు ఎండిపోయి ల్యాబుకు తిరిగొచ్చి, అందరినీ పంపించి, ధర్మం కోసం పోరాడినవాడి అలసటతో మెయిన్ కిందికి దించి, ఇంటికి పోయేవాణ్ణి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. నేను దీపం ఆర్పి చక్కబెట్టుకున్నాననుకున్నాను.

ఎండలు ముదిరాయి. తురాయి పూలు రాలి దారంతా ఎర్రగా పరుచుకున్నాయి. మా అమ్మాయి ముఖంలో నవ్వు తగ్గింది. ఒకరోజు పొద్దున ఆమె స్క్రీను తెరవలేదు. బ్యాగు బల్ల మీద పెట్టి ఊరికే కూర్చుంది.

"సార్, అమ్మ ఫోన్ చేసింది. ఊర్ల అందరికి చెప్పిందంట, మా పిల్ల దవాఖానల సైంటిస్ట్ అయితదని. వచ్చే నెల అయితది అంటే, ఏ నెల అని అడుగుతున్నరంట," అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

ఆ క్షణమే లేచి కంప్యూటర్ సెంటరుకు పోయాను. ఈసారి కూర్చోలేదు. టీ వద్దన్నాను. నేను ఎంతసేపు మాట్లాడానో తెలియదు గానీ, అన్యాయం, అక్రమం, పల్లెటూరి పిల్ల, ఉన్నతాధికారులు అన్న మాటలన్నీ అందులో వచ్చాయి. ఆయన అడ్డు రాలేదు. నా బిస్కెట్లే ఒక్కొక్కటి తింటూ విన్నాడు. నాకు ఆయాసం వచ్చి ఆగాక, స్క్రీను నా వైపు తిప్పాడు.

"ఇటు సూడుండ్రి సార్. ఇవి మన గ్రిడ్డుల ఉన్న మెషిన్లు."

"ఎక్కడున్నయి ఇవి? ఆ బిల్డింగ్ ఎక్కడ?"

"ఏ బిల్డింగు సార్?" అన్నాడు అయోమయంగా. "గ్రిడ్డుకు బిల్డింగేడిది? మీ ల్యాబుల మెషిన్లే, బోటనీ వాళ్ళయే, దవాఖాన్ల ఓపీ కౌంటర్ల మెషిన్లే. మీరు ఇంటికి పోయినంక అవి ఉత్తగుంటయి గద, అప్పుడు ఒకళ్ళ పని ఒకళ్ళు చేస్తయి. గ్రిడ్డంటే మనమే సార్. ఎవరెంత ఇస్తే వాళ్ళ పని అంత జల్ది ముందుకొస్తది. మొదాలే చెప్పిన గద మీటింగుల."

బగారా అన్నం గుర్తొచ్చింది. తార్నాక అవతల నా తెల్లటి మేడ చడీచప్పుడూ లేకుండా కూలిపోయింది. కొంగలన్నీ చెల్లాచెదరయ్యాయి.

స్క్రీను మీద ఒక్కొక్క గదికీ ఒక్కొక్క గీత ఉంది. మిగతావాళ్ళ గీతలు పగలు సన్నగా, సాయంత్రం నుంచి లావుగా, వాన పడ్డ వాగుల్లా తెల్లారేదాకా పారుతున్నాయి. మా గీత సాయంత్రం కాగానే ఎవరో కత్తెరతో కత్తిరించినట్టు పుటుక్కున తెగిపోతోంది.

"గిది మీది. దినాం గంతే. పొద్దుమీకంగనే సచ్చిపోతది, పొద్దుగాల మళ్ళ లేస్తది. అప్పటికే మీ మెషిన్ల మీదికి పంపిన పని గూడ మధ్యలనే ఆగిపోతది, మళ్ళ వేరేటోళ్ళకు పంపాలె. నేనైతే మీ బిల్డింగుల కరెంట్ ప్రాబ్లం అనుకున్న సార్. మీరు పెద్దోళ్ళు, ఎట్ల అడగాలె?"

నేను ఆ గీతకేసి చూస్తూ ఉండిపోయాను. దాన్ని ఎక్కడో చూసినట్టుంది. అది నేను ఇంటికి పోయే వేళ. శనివారాలు గీత తొందరగా తెగింది. శనివారం నేను తొందరగా పోతాను. ఒకరోజు మధ్యాహ్నమే తెగింది. ఆ రోజు మా ఆవిడతో కాచిగూడలో పెళ్ళికి పోయాను. ఒకచోట మాత్రం రెండు రోజులు ఎక్కడా తెగకుండా, హాయిగా, లావుగా పారింది. గుర్తు చేసుకున్నాను. అప్పుడు నాకు జ్వరం. నేను మంచంలో ఉన్న రెండు రోజులే మా ల్యాబు ఆరోగ్యంగా ఉంది.

"కరెంట్ ప్రాబ్లం కాదండీ," అన్నాను. "నేనే మెయిన్ దించుతున్న."

ఆయన బిస్కెట్ నోటిదాకా పోయి ఆగింది. "మెయినే?"

"మెయినే."

"దినామా?"

"ఆదివారం మినహా. ఆదివారం దించేదేమీ ఉండదు. శనివారమే దించేస్త గద."

మర్యాదస్తుడు కాబట్టి ఆయన ముందు కిటికీవైపు తిరిగాడు. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత బిస్కెట్ పొడి గొంతుకు అడ్డం పడి దగ్గు వచ్చింది. నేనే నీళ్ళు తెచ్చిచ్చాను.

మా అమ్మాయికి చెప్పడం దానికంటే కష్టమైంది. ఎండలో నడిచొచ్చి, ల్యాబులో ఆమె ఎదురుగా కూర్చుని, అంతా చెప్పాను. బయట ఎవరో చెట్టు కింద స్కూటరు స్టార్టు చేస్తున్నారు, అది అవడం లేదు.

"మా ఊర్ల నాట్లప్పుడు ఒకళ్ళకొకళ్ళు బదులు పోతరు సార్," అంది చివరికి. "ఇయ్యాల మనం వాళ్ళ మడిల నాటేస్తే, రేపు వాళ్ళు మన మడిల ఏస్తరు. మనం ఎవ్వరి మడిలకు పోకుండ, మా మడిల ఇంక నాట్లు పడలేదని కొట్లాడుకుంట తిరిగినం."

"మనం కాదు బిడ్డా, నేను."

"ఔ, మీరే," అంది నిర్మొహమాటంగా. "దినాం అందరికంటె ఎనక మీరే పోతుంటే, పాపం సార్ మా కోసం ఎంత కష్టపడుతుండు అనుకునేదాన్ని," అంది.

ఆమె తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణి. ఇది మర్చిపోలేదు.

ఆ సాయంత్రం మొదటిసారి మెయిన్ దించకుండా నిలబడ్డాను. చెయ్యి దానంతట అదే పిడిమీదికి పోయింది. వెనక్కు లాక్కుని జేబులో పెట్టుకున్నాను. గదిలో దీపాలు ఆర్పేసి తలుపు దగ్గర ఆగాను. ఎప్పుడూ చూడనిది అప్పుడు చూశాను. చీకటి పడుతున్న గదిలో మెషిన్ల మీది చిన్న ఆకుపచ్చ దీపాలు మినుకుమంటున్నాయి. స్క్రీన్లు నిద్రపోయాయి. కానీ లోపల సన్నటి హోరు. నేను క్యాంపస్ చెట్ల కింద ఊహించుకున్న హోరు అది. ఎక్కడో ఆకాశంలో ఉందనుకున్నది నా గదిలోనే ఉంది. రోజూ అది మొదలయ్యే వేళకు నేనే గొంతు నొక్కి, బయటికి పోయి దాన్ని చెట్లలో వెతుక్కున్నాను. మా మెషిన్లు నిద్రలో ఎవరెవరివో కలలు కంటున్నాయి. ఒకటి ఎవరో పసిపిల్లల నెత్తురు గురించి, ఒకటి ఏదో మొక్క వేరు గురించి. మేం ఎప్పుడూ చూడని మనుషుల జబ్బుల గురించి మా గదిలో ఆలోచన సాగుతోంది. ఈ ఊళ్ళో ఇంకెక్కడో, ఏ ఆసుపత్రి కౌంటరులోనో, మూసేసిన చీటీల కిటికీ వెనక ఒక మెషిను మా అమ్మాయి తాళంలో చెవి తిప్పి చూస్తూ ఉండి ఉంటుంది.

దయ్యాలు చదువుకుంటున్నాయి నాన్నా అనుకున్నాను. తలుపు చప్పుడు కాకుండా వేసి, వేళ్ళ మీద నడుచుకుంటూ వచ్చేశాను.

నాలుగు రోజులకు మా పని కదిలింది. ముందుకే. మా భవనంలో మిగతా విభాగాల్లోనూ నాలాంటి పొదుపరులు ఉన్నారేమోనని గది గదికీ పోయి అడిగాను. ఉన్నారు. ఒకాయన మెయిన్ కాదు, ప్లగ్గులే పీకి సొరుగులో పెట్టి తాళం వేసుకునేవాడు. ఆయన్ని చూస్తే ప్రాణం లేచొచ్చింది. తోడు ఒకరున్నారంటే మూర్ఖత్వం కూడా ఒక సంప్రదాయంలా అనిపిస్తుంది.

వానలకు ఇంకా కొన్ని రోజులే ఉన్నాయి, చెవులు మాత్రం సగం పైగా మిగిలే ఉన్నాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. లాలాగూడలో మా ఇంటి ముందు రేకు ఒకటి ఎగిరి రోడ్డు దాటింది. కరెంటు పోయి వచ్చింది. నేను మంచం మీంచి లేచి చొక్కా వేసుకున్నాను. తాళంచెవి నా దగ్గరే ఉంది.

"యాడికి?" అంది మా ఆవిడ.

"ల్యాబుకు. అక్కడ మెయిన్ కొట్టేసుంటది. పైకెత్తాలె."

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "ఇంట్ల నేనింక అర్రల ఉండంగనే ఫ్యాన్ బంద్ చేస్తవు. గాడ ఎవల్లేని అర్రకు వానల పోయి ఆన్ చేస్తవా? మీ నాయిన సూస్తే ఏమంటడు?"

ఆటో దొరకడమే గగనమైంది. దొరికినతను క్యాంపస్ అనగానే వెనక్కి తిరిగి చూశాడు.

"జల్ది పోనీ తమ్మీ."

"ఏమైంది సార్, అగ్గి తాకిందా?"

"లేదు, కంప్యూటర్లు బందైనయి."

"ఇయ్యాల సండే గద సార్," అన్నాడతను నెమ్మదిగా గేరు మారుస్తూ. "గవైనా రెస్టు తీస్కోనియ్యి."

తార్నాక కూడలిలో వాన మొదలైంది, పెద్దపెద్ద చుక్కలు. క్యాంపస్ లోపల కొమ్మలు విరిగి పడ్డాయి. తడిసిన తురాయి పూలు చక్రాలకు అంటుకుంటూ వచ్చాయి. పరిగెత్తుకుంటూ మెట్లెక్కాను. అప్పటికే మా అమ్మాయి అక్కడ ఉంది. హాస్టల్ నుంచి చున్నీ తలమీద కప్పుకుని వచ్చి, తాళం వేసిన తలుపుకు ఆనుకుని నిలబడింది, లోపలికి పోలేక.

"తాళంచెవి నా దగ్గరుందని తెల్సు గద, ఫోన్ చెయ్యక పోయినవా?" అన్నాను.

"వస్తరనుకున్న సార్," అంది.

తలుపు తీశాను. పిడి మీద చెయ్యి వేసి, ఆగి, పక్కకు జరిగాను. ఆమె పైకెత్తింది. ఒకదాని వెనక ఒకటి ఆకుపచ్చ దీపాలు లేచాయి. మేమిద్దరం తడిబట్టలతో అక్కడే నిలబడి ఆ హోరు మళ్ళీ చేరుకునేదాకా విన్నాం.

వానలు స్థిరపడే ముందురోజుల్లో పని పూర్తయింది. లక్షల చెవుల్లో గుప్పెడు చెవులు ఆ తాళంలో నిలబడ్డాయి. అవి మందులు కావు, మందులవుతాయో లేదో ఇంకా ఎవరికీ తెలియదు. గాజు గొట్టాల్లో, ఎలుకల్లో, మనుషుల్లో చాలా దూరం పోవాలి. కానీ ఆమె అధ్యాయానికి అవి చాలు. థీసిస్ సమర్పించింది. ఉద్యోగంలో చేరింది. వెళ్ళే రోజు నా గదిలోకి వచ్చి నిలబడి, "సార్, ఆఖరికొచ్చేసరికి మీరేం జెయ్యకుండ ఉన్నందుకు థ్యాంక్స్," అంది. ఇంత నిజమైన మెచ్చుకోలు నాకు ఉద్యోగంలో ఇంకోటి రాలేదు.

అంతటితో కథ ముగిసేది. కానీ గ్రిడ్డు పెద్దమనిషికి ఒక మంచి కథ దొరికింది, ఆయన దాన్ని వదల్లేదు. కొత్తగా చేరే ప్రతి ల్యాబుకూ, ప్రతి ఆసుపత్రికీ శిక్షణలో చెప్పడం మొదలుపెట్టాడు. పేరు చెప్పడు, మర్యాదస్తుడు. "ఒక సార్ ఉండె, తురాయి చెట్ల బిల్డింగుల, బయోకెమిస్ట్రీ, కండ్లద్దాలు, తెల్ల మీసాలు," అని మొదలుపెడతాడు. నా గీతను తెర మీద చూపిస్తాడు. శనివారాలు, పెళ్ళి, జ్వరం, అన్నీ. క్యాంపస్‌లో నాకు మెయిన్ సార్ అని పేరు స్థిరపడింది. ముప్పై ఏళ్ళు ఎంజైముల గురించి పాఠాలు చెప్పినా రాని పేరు అది.

ఈమధ్య కొన్ని కొత్త కాలేజీల వాళ్ళకు శిక్షణ పెట్టి, నన్నూ రమ్మన్నాడు. మధ్యాహ్నం భోజనం తర్వాత, అదే హాలు. నేను బగారా అన్నం ముట్టుకోకుండా పోయాను. వెనక వరుసలో, తలుపు పక్కన కూర్చున్నాను. ఆ హాల్లో గ్రిడ్డుకు ఇచ్చిన మెషిను ఒక్కటి కూడా లేదని ముందురోజే కనుక్కున్నాను. ఆ మాత్రం తెలివి వచ్చింది. తలుపు పక్కన నల్ల పిడి ఒకటి ఉంది. దాన్నీ ముందురోజే చూసుకున్నాను.

ఆయన వేణ్ణీళ్ళూ చన్నీళ్ళూ అయ్యాక డబ్బా తీసి సోంపు నోట్లో వేసుకున్నాడు. ముఖం వెలిగింది. "ఇప్పుడు మీకు ఒక సార్ సంగతి చెప్త," అన్నాడు. తెర మీద నా గీత వచ్చింది. జనం ముందుకు వంగారు. "తురాయి చెట్ల బిల్డింగుల ఒక సార్ ఉండె. ఆయన దినాం పొద్దుమీకంగనే ఏం చేసేదంటే..."

దించాను.

తెర ఆరిపోయింది. ఫ్యాన్లు మెల్లగా, ఒళ్ళు విరుచుకుంటున్నట్టు ఆగాయి. కిటికీలకు మందంగా పరదాలు కట్టిన హాల్లో ఒక్కసారిగా నిశ్శబ్దం, బయట తురాయి కొమ్మల్లో గాలి. ఎవరో నవ్వారు. ముందునుంచి ఆయన గొంతు చీకట్లో తడుముకుంటూ వచ్చింది.

"కరెంట్ పోయినట్టున్నది... ఎప్పుడొస్తదో ఏమో..."

"వస్తది సార్," అన్నాను వెనకనుంచి. "కూసోండి."